గన్నవరం దాకా గంటే

నా పెళ్ళికి ముహూర్తం పెట్టించినప్పుడు మా నాన్న విమానాన్ని నమ్ముకున్నారు. అరవైల మొదట్లో సంగతి. పెళ్ళికొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం, పెళ్ళినాడు తప్ప సెలవు దొరకలేదు. "బేగంపేటలో ఎక్కితే గన్నవరం దాకా గంటేనండీ!" అని కాబోయే మామగారు గొప్పగా చెబితే మా ఇంట్లో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. గన్నవరం నుంచి ఉయ్యూరు మీదుగా కారులో రేవుకి, రేవు నుంచి పడవలో మా లంకకి అని లెక్క వేసి, మధ్యాహ్నం ముహూర్తానికి ఒప్పుకున్నారు.

దివిసీమలో పుట్టినవాడెవడూ పోటూ పాటూ అడక్కుండా పొరుగూరికి కూడా బయల్దేరడు. సముద్రం పోటు మీదుంటే మా కృష్ణ పాయ నిండుతుంది. పాటు తీస్తే బురద తేలుతుంది, పడవ కదలదు. విమానం అనేసరికి అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరికీ ఆ ముక్క గుర్తు రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను గౌరీపూజలో ఉండగా కారు అవతలి ఒడ్డుకి వచ్చిందని కబురొచ్చింది. ఆ వెనకే, పడవ బురదలో కూరుకుపోయిందని ఇంకో కబురు. మర్నాటి నుంచి మూఢం. ముహూర్తం తప్పి పెళ్ళి ఆగిన పిల్లకి మళ్ళీ సంబంధం ఎవరు తెస్తారు? మావయ్య కొడుకుని పీటల మీద కూర్చోబెడదామని గుసగుసలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో అది వింతేం కాదు.

నాన్న లోపలికి వచ్చారు. "అమ్మా, వేళ దాటిపోతోంది. బావేమన్నా పరాయివాడా చెప్పు?"

బావంటే ఇష్టమే, కానీ మొగుడిగా ఎన్నడూ అనుకోలేదు. పెళ్ళిచూపుల్లో చూసిన మనిషినే అప్పట్నుంచీ మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. "చావనైనా చస్తాను గానీ బావ పక్కన కూర్చోను నాన్నా," అన్నాను. నాన్న చెయ్యెత్తారు. అమ్మ అడ్డం వచ్చింది.

గుమ్మంలో బావ ఉన్నాడు. అప్పటికే ఎవరో పట్టుపంచె కట్టించారు. నా ముఖంలోకి ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు.

పురోహితుడు తొందరపెడుతున్నాడు. నాన్న బావ కోసం కేకలు వేస్తూ వీధంతా తిరిగారు. ఎక్కడా లేడు. ఇద్దరూ చేజారిపోయారు, ఇక నా బతుకింతే అనుకుని కూర్చున్నాను. అప్పుడు వాకిట్లో సన్నాయి ఎత్తుకుంది.

తెర తీశాక చూద్దును కదా, ఎదురుగా ఆ మనిషే. జుట్టంతా చెదిరి ఉంది, చేతుల నిండా బురద.

తలంబ్రాల సందట్లో ధైర్యం చేసి అడిగాను. "ఎలా వచ్చారండీ?"

"ఎవరో బురదలో పడి నడిచొచ్చి, నన్ను వీపు మీద మోసుకొచ్చాడు. మోకాలి లోతు బురద. పట్టుపంచె కట్టుకున్నాడు, పాపం, అది కాస్తా పాడైపోయింది. దారంతా ఒకటే మాట. గట్టిగా పట్టుకోండి, మిమ్మల్ని జారవిడిస్తే ఆ పిల్ల నన్ను బతకనివ్వదు అని. ఎవరాయన?"

"మా బావండీ," అన్నాను. అంటూనే ఏడ్చేశాను. పుట్టిల్లు వదిలి వెళ్తున్నానన్న బెంగ కాబోలనుకుని ఆయన నన్ను ఓదార్చారు.