వెనక సీటు మీద టెంటు

మా ఇంట్లో బండి వెనక సీటు ఎవరిదంటే, మొదట టెంటుది. తర్వాత స్లీపింగ్ బ్యాగుది, ఆ తర్వాత గ్యాస్ స్టవ్‌ది, మడత కుర్చీలది. పెళ్ళాం వంతు వచ్చేసరికి సీటు అయిపోతుంది. నేను ఉక్రోషంతో ఇలా అంటున్నానని మా ఆయన స్నేహితులు నవ్వుతారు. అవును, ఉక్రోషమే. దాచుకోవడానికి ఏముంది?

మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పట్నించీ బావా అనే పిలుస్తాను. పుట్టడం మా బారువ దగ్గరి చేపలోళ్ళ పేటలోనే పుట్టాడు కానీ, వాళ్ళు తొందరగానే సముద్రానికి దణ్ణం పెట్టి పలాస వచ్చేశారు. ఇప్పుడు కాశీబుగ్గలో నీళ్ళ మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. ముగ్గురు స్నేహితులతో బండ్లేసుకుని కొండలూ అడవులూ పట్టి తిరగడం, రాత్రికి టెంటు వేసుకుని పడుకోవడం కొన్నేళ్ళుగా పట్టుకున్న పిచ్చి. ఆదివారం వచ్చిందంటే కాళ్ళకు బలపం కట్టుకున్నట్టే.

మొదటిసారి బయల్దేరినప్పుడు సామాను తనే కట్టుకున్నాడు. టెక్కలి దాటాడో లేదో, మూట జారి హైవే మీద పడింది. స్టవ్ సొట్టపోయింది, దుప్పటి మీంచి లారీ వెళ్ళింది. ఇంటికొచ్చి ఆ కోపమంతా నా మీద చూపించాడు, మూటను నేనే తోసినట్టు. అప్పుడు అన్నాను, ఇకమీదట నేను కడతానని. ఎందుకన్నానా అని ఇప్పుడు అనిపిస్తుంది.

సామాను కట్టడం నాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. మా నాన్న పడవలో వలలు సర్దుతుంటే చూస్తూ పెరిగాను. బరువైనవి అడుగున వేసేవాడు, రెండు పక్కలా సమానంగా చూసుకునేవాడు, పైన తాడు అటూ ఇటూ దాటించి బిగించేవాడు. నేనూ అలాగే కట్టాను. అదీ నాన్న తాడుతోనే. ఆయన పోయాక పడవ అమ్మేస్తే, నేను అడిగి తెచ్చుకున్నది ఆకుపచ్చ నైలాన్ తాడొక్కటే. ఎన్ని గతుకుల్లో తిరిగినా దాంతో కట్టిన మూట మళ్ళీ జారలేదు. "నీ చేతి ముడి ఇప్పడానికే గంట పడతందే," అని బావ మెచ్చుకునేవాడు. ఆ ముక్కకే నేను పొంగిపోయేదాన్ని.

వాళ్ళు ఎక్కడికెక్కడికి తిరిగినా నాకు పట్టేది కాదు. చిలికా వెళ్ళారు, అరకు వెళ్ళారు, వెళ్ళనీ. కానీ మహేంద్రగిరి వెళ్తున్నామన్నప్పుడల్లా నా ప్రాణం లాగేసేది. ఆ కొండ మా పేట ఒడ్డు మీంచి కనిపిస్తుంది. జీడితోటలు, కొబ్బరితోటలు దాటి పడమటి పక్క నీలంగా నిలబడి ఉంటుంది. మా నాన్న సముద్రంలో ఎంత దూరం వెళ్ళినా ఆ కొండ కొమ్మునే గుర్తు పెట్టుకుని ఒడ్డుకు వచ్చేవాడు.

"అదుగో, దాన్ని సూసుకునే ఇంటికొత్తాను నాను," అనేవాడు.

"అక్కడ్నించి సూత్తే మనం అవుపడతామేటి నాన్నా?" అని అడిగాను ఒకసారి.

"అవుపడతామంట. నానెప్పుడెక్కానే గుంటా?"

ఎక్కలేదు. ఆయన బతుకంతా ఆ కొండను చూడ్డమే సరిపోయింది. అందుకే నాకొక్కటే కోరిక. ఒక్కసారి పైకెక్కి, ఆయన పడవ తిరిగిన నీళ్ళు అక్కణ్ణించి ఎలా ఉంటాయో చూడాలి. ఇది బావకి తెలుసు. మా నాన్న ఆయనకి మేనమామ. చిన్నప్పుడు ఆ పడవలో కూర్చుని, అదే కొండను చూసినవాడే.

"నానూ వత్తాను బావా," అని అడిగితే, "సీటు ఖాళీ ఎక్కడున్నాదే? నువ్వే సూడు," అనేవాడు. సామాను వైపు వేలు చూపించేవాడు, నేను కట్టిన సామాను వైపే. "వచ్చేసారి సూద్దాం." ఆ వచ్చేసారి రాదు. మూడుసార్లు ఎక్కొచ్చాడు ఆ కొండ. మూడుసార్లూ నేనే కట్టి, నేనే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను.

పోయిన చలికాలం మళ్ళీ మహేంద్రగిరి అన్నారు. ఈసారి నేను అడగలేదు. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం బావ షాపుకి వెళ్ళాక, సామానంతా వాకిట్లో పరిచాను. మడత కుర్చీలు తీసి అటక మీద పడేశాను. కూర్చోవడానికి కొండ మీద రాళ్ళు లేవా? టెంటు గుడ్డ వేరు చేసి సన్నగా చుట్టి, ఒక పక్క సంచిలో దూర్చాను. దాని కర్రలు ఆ సంచి పక్కనే నిలువుగా కట్టాను. స్టవ్, గిన్నెలు, నీళ్ళ డబ్బా రెండో పక్కన. బావ స్లీపింగ్ బ్యాగు, నా పూల దుప్పటి, నా స్వెట్టరు, నాకో చీర కలిపి చుట్టి, సీటు దాటాక ఉన్న క్యారియర్ మీద పెట్టి నాన్న తాడుతో బిగించాను. బండిని ఊపి చూశాను. కదల్లేదు. వెనక సీటు నున్నగా, ఖాళీగా ఉంది. ఎక్కి కూర్చున్నాను. ఆగి ఉన్న బండి మీద, మా వాకిట్లో, ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఓలమ్మో, ఎంత సంబరమో ఆ రోజు!

సాయంత్రం బావ వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఇటు నొక్కాడు, అటు లాగాడు. చెప్పడానికి సాకు దొరకలేదు.

"సరే, రా," అన్నాడు. "సలికి వణుకుతూ ఇంటికెల్దామని ఏడిత్తే మాత్రం ఊరుకోను."

నేను ఏడుస్తానా? ఆ సంతోషంలో ఇద్దరికీ చపాతీలు చేశాను, ఎండు రొయ్యలు వేయించాను. మా అమ్మకి ఫోన్ చేసి, "రేపు ఎండ పడ్డాక కొండ వైపు సూడే. నాను అక్కడుంటాను," అని చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, చిన్నపిల్లలా.

తెల్లారి అందరూ మా ఇంటి ముందుకొచ్చారు. ఇద్దరు బండ్ల మీద వచ్చారు. మూడోవాడు ఆటో దిగాడు, వీపున సంచితో. బావకి బాగా దగ్గరివాడు. బండి ఇంజిన్లోంచి ఆయిలు కారుతోందని మెకానిక్ దగ్గర వదిలేశాడట. మిగతా ఇద్దరి వెనక సీట్ల మీదా టెంట్లు, మూటలు నిండుగా ఉన్నాయి. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు, మా బండి చూశాడు.

"ఒదినా! సీటు బలే ఖాళీ సేసినావే," అన్నాడు.

నేను హెల్మెట్ పట్టుకుని బండి పక్కనే ఉన్నాను. బావ నా ముఖం చూడలేదు. పెట్రోలు ట్యాంకు మూత తీసి లోపలికి చూశాడు. నిన్ననే నిండా పోయించిన ట్యాంకులో ఏముందని చూడ్డం?

"ఆడు ముందునుంచీ వత్తన్నవాడు," అన్నాడు చివరికి. "ఆణ్ణి వొగ్గేసి ఎలాగెల్తాం? ఈసారికి ఆడొత్తాడు. నువ్వు వచ్చేసారి."

"నా బట్టలు?" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"ఇప్పుడేటి ఇప్పుతామే, నీ ముడి ఇప్పడానికే గంట. ఉండనీ." తర్వాత చెయ్యి చాపాడు. "ఆ హెల్మెట్ ఇటియ్యి. ఆడు మరిసిపోయి వచ్చీనాడు."

ఇచ్చాను! ఛీ, అదే నాకు ఇప్పటికీ మండుతుంది. ఆ హెల్మెట్ నేలకేసి కొట్టాల్సింది. ఇంటి ముందు నలుగురున్నారని, మొగుడి పరువని, తీసి చేతిలో పెట్టాను. వాడు నా సీటు మీద కూర్చుని కాళ్ళు సర్దుకున్నాడు. నా చీర, నా స్వెట్టరు, నా దుప్పటి, నేను చేసిన చపాతీలు అన్నీ కొండకి వెళ్ళాయి. నేను లోపలికొచ్చి, తలుపేసుకుని, కరువు తీరా ఏడ్చాను.

ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. సోంపేట బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాను. ఒడ్డున చేపలు ఆరేస్తున్న అమ్మ నన్ను చూసి నడుం పట్టుకుని లేచింది.

"ఏటే, కొండ మీదుంటానన్నావు? నాను పొద్దున్నుంచీ అటే సూత్తన్నాను గదే!"

ఆమె పక్కనే ఇసకలో కూలబడ్డాను. సాయంత్రం ఫోన్‌కి బావ ఫొటో పంపాడు. ఫొటోలో ఆ స్నేహితుడు నా పూల దుప్పటి కప్పుకుని పళ్ళికిలిస్తున్నాడు. వాడి వెనక, చాలా దూరంలో, బూడిదరంగులో సన్నటి గీత. సముద్రమట. "మావయ్య ఒడ్డు అవుపడతంది సూడే," అని కింద రాశాడు.

అమ్మ ఫోన్ లాక్కుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "ఇందులో మనం ఎక్కడున్నామే?"

"ఆ గీత మీద," అన్నాను.

బావ తిరిగొచ్చాడు. ఎండు రొయ్యలు అందరూ మెచ్చుకున్నారని మాత్రం చెప్పాడు. నేను సామాను విప్పి, దుప్పటి రెండుసార్లు ఉతికి, తాడు చుట్ట చుట్టి సంచిలో పెట్టుకున్నాను. మళ్ళీ వారం బారువ వెళ్ళినప్పుడు అది తీసుకెళ్ళాను.

మొన్న మళ్ళీ ప్రయాణం పెట్టుకున్నారు. బావ వాకిట్లో సామాను పరిచి, హుషారుగా లోపలికొచ్చాడు.

"ఒలే, అప్పుడు కట్టినట్టే కట్టీయే. సీటు ఖాళీగా ఉండాల."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నా కోసమే అనుకున్నాను.

"ఆడు బండి అమ్మీసినాడు," అన్నాడు. "ఇకనుంచి నా ఎనకాలే వత్తాడు. తాడేదే?"

బియ్యం ఏరుతున్నాను. చేట కింద పెట్టలేదు.

"మాయమ్మ కాడుంది," అన్నాను. "రెండు గుంజలకి కట్టి సావళ్ళ చేపలు ఆరేసుకుంటంది."