మిరుగానికి మా గుంట చేప

రాస్తున్నావా బిడ్డా? ముందు గుంట సంగతి రాయి. ఇల్లు కట్టేటప్పుడు మొరం తీసిన గొయ్యి అది. బోరు నీళ్లు అందులో నింపి పసుపు తోటకు పారించేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు నాకు అందులో చేపలు వేయాలని పిచ్చి పట్టింది. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, చేప తినని ఇల్లుండదు కదా. ఆర్మూర్ బజార్లో ఒకటే తొక్కులాట. ఏటా మీ తాత ఆ గుంపులో పడి, మెత్తబడ్డ చేప పట్టుకొచ్చేవాడు. ఒక్క మిరుగానికైనా మన గుంట చేప మన కూరలో పడాలని నా పంతం.

మా అత్తమ్మ, అదే మీ తాత వాళ్లమ్మ, ఒకటే నవ్వు.

"పసుపు పండించేటోళ్లకు శాపల పనేందే? వాటికి గూడ పసుపు రాసి పెండ్లి జేస్తవా?"

"జేస్త అత్తమ్మా. పెండ్లి కూర మొదలు నీకే పెడ్త."

వానలు పడ్డాక మీ తాతా నేనూ పోయి, గాలి నింపిన సంచుల్లో చేపపిల్లలు తెచ్చాం. నేను సంచుల మూతి విప్పకుండా గుంట నీళ్లలో తేలనిచ్చాను. మీ తాతకు ఆగదు కదా.

"గింతసేపు ఏం సూస్తున్నవ్? పొయ్యరాదు!"

"ఎండల పడి వచ్చినోన్ని సల్లటి బాయిల నూకుతమా? నీళ్లకు జర అలవాటు కానియ్యి."

ఒక్క పిల్ల కూడా చచ్చి తేలలేదు. రోజూ తవుడు చల్లేదాన్ని. నేను నిలబడే మూలకే వచ్చేవి.

అసలు గండం పసుపు ఉడికించేటప్పుడు వచ్చింది. కొమ్ములు తీశాక కడాయిలో మిగిలిన వేడినీళ్లు ఏటా కాల్వ గుండా ఆ గుంటలోకే పోయేవి. అందుకే ముందురోజే కాల్వకు అడ్డంగా మట్టికట్ట వేసి, పంట వేయని పడావు చెలక వైపు దారి తీశాను. మీ తాతకు చెప్పాను కూడా. అయినా కడాయి వంచే ముందు పార పట్టి, ఏటా చేసినట్టే కాల్వ సాఫు చేశాడు. కట్ట తెగింది. కడాయి వంచగానే పొగలు కక్కుతూ పచ్చటి నీళ్లు గుంట వైపు ఉరికాయి.

పక్కనే ఉడికిన కొమ్ముల సంచి ఉంది. ఈడ్చి కాల్వకు అడ్డంగా పడేశాను. నీళ్లు చెలకలోకి తిరిగాయి.

"ఏయ్, పంట తీస్కపొయ్యి మోరిల పడేస్తివేందే!"

"పసుపు కడిగి ఎండబోస్తే మల్ల పసుపే. శాపలు ఉడికినంక మల్ల ఈత కొడ్తయా?"

కూలీకి వచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. చీర ఎగ్గట్టి, కొడుకు చేతిలో పార గుంజుకుని, కట్టకు మట్టి ఎత్తింది. మర్నాడు తవుడు చల్లితే ఆ మూలంతా చేపలే, నీళ్లు కనపడలేదు.

మిరుగం నాడు మీ తాత వల వేస్తే మోచేతి పొడుగు బొచ్చె చేపలు పడ్డాయి. అత్తమ్మ గడపలో కూర్చుని, సంచులు పట్టుకుని బజారుకు పోయేవాళ్లను పిలుస్తోంది.

"యాడికి ఉరుకుతున్నరు? జర మా కోడలి గుంట సూసి పోండ్రి!"

అన్న మాట ప్రకారం చేప తలకాయ మొదలు ఆమె పళ్లెంలోనే వేశాను. ఆమె తీసి నా పళ్లెంలో పెట్టింది.

"గుంట నీది, తలకాయ గూడ నీదే. తిను."

"మరి నాకేందమ్మా?" అన్నాడు మీ తాత.

"కట్ట తెంపినోనికి తోక."