చేపల తొట్టికి నేసిన గుడ్డ

ఈ సాయంత్రం ఆవడిలో మా అమ్మాయి తన చేపల తొట్టికి నైలాన్ వల బిగిస్తుంటే, తిరుత్తణి ఇంట్లో పడుగు పోగులకు పెట్టే గంజి వాసన వచ్చినట్టయింది. మగ్గాల ఇళ్లలో పెరిగిన మిత్రులారా, మీకూ వస్తుందా?

చిన్నప్పుడు నా చేప తొట్టిలోంచి ఎగిరి మగ్గం గుంతలో పడింది. నాయన దాన్ని దోసిట్లో ఎత్తి నీళ్లలో వదిలాడు. నేను తొట్టి మీద పలక మూయబోయాను.

"వద్దు పాపా, అది ఊపిరి యాడ తీస్తాది?"

చీర కోశాక మిగిలిన పడుగు మీద, పోగుకీ పోగుకీ సందు వదిలి, జల్లెడలాంటి గుడ్డ నేసి తొట్టికి కట్టాడు. గట్టి నేతకు పేరున్న మనిషి! "నూలిచ్చే సావుకారు చూస్తే తిడతాడు," అని నవ్వినాడు.

చేప ఎగిరితే గుడ్డ టప్పుమనేది. వెంటనే దానికి జవాబుగా నాయన మగ్గం టక్కుమనేది.

ఇప్పుడే వల టప్పుమంది. ఆ టక్కు కోసం నేనింకా వింటూనే ఉన్నాను.