సంజయ్ వన్‌లో తగ్గిపోయిన పిట్టలు

అన్నపూర్ణేశ్వరి ఢిల్లీలో ఒక కేంద్ర మంత్రిత్వశాఖలో స్టెనోగ్రాఫరుగా చేరి, ప్రైవేటు సెక్రటరీ దాకా వచ్చింది. పుట్టిల్లు కాకినాడ. ఢిల్లీ వచ్చి ముప్ఫై రెండేళ్ళు. భర్త సుందరరామయ్య కూడా ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇద్దరూ ఆర్కే పురం క్వార్టర్సులో ఉంటారు. ఆఫీసులో ఆమెకు ఒక పేరుంది: డిక్టేషన్ ఎంత గబగబా ఇచ్చినా రెండోసారి అడగదు.

సెప్టెంబరు మూడోవారం నుంచి నవంబరు చివరిదాకా ప్రతి శని, ఆదివారాలు తెల్లవారగానే ఆమె దగ్గర్లోని సంజయ్ వన్ అడవికి వెళుతుంది. ఎప్పుడూ ఒకటే దారి, రెండు గంటల నడక. చలికాలం మొదలయ్యే ముందు ఉత్తరాన కొండల నుంచి, ఇంకా పైనుంచి దిగివచ్చే పిట్టల్ని లెక్కపెట్టడం ఆమె పని. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. 2009లో పక్క క్వార్టరులో ఉండే ఒక ఆఫీసరు భార్య తోడు రమ్మంటే మొదటిసారి వెళ్ళింది. ఆ కుటుంబం బదిలీ మీద వెళ్ళిపోయింది. ఈమె మానలేదు.

మొదట్లో బైనాక్యులర్‌తో నానా తంటాలూ పడింది. కళ్ళజోడు పైకి తోసుకుని దాన్ని కళ్ళకు ఆనించేలోపు పిట్ట ఎగిరిపోయేది. కాని చెవి మాత్రం మొదటినుంచీ పదును. సంజయ్ వన్ నిండా సర్కారు తుమ్మలు. ఆ కొమ్మల్లో శరదృతువులో చేరే వార్బ్లర్లు బొటనవేలంత ఉంటాయి. ఆకుపచ్చా బూడిదా కలిసిన రంగు. ఒక్కచోట నిలవవు. రెండు మూడు జాతులు అచ్చం ఒకలాగే కనిపిస్తాయి. అరుపుని బట్టి తప్ప తేల్చుకోవడం కష్టం. అన్నపూర్ణేశ్వరి ఆ అరుపుల్ని షార్ట్‌హ్యాండులో రాసుకునేది. షార్ట్‌హ్యాండు ఎలాగూ శబ్దాన్ని రాసేదే కాబట్టి ఆమెకది సులువైంది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఢిల్లీ పక్షి పరిశీలకుల వాట్సాప్ గ్రూపులో ఎవరికి అనుమానం వచ్చినా, రికార్డు చేసిన అరుపు పంపి, "అన్నపూర్ణా మేడమ్‌ని అడగండి" అనేవారు.

2020 తర్వాత ఆమె లెక్కలు తగ్గుతూ వచ్చాయి. అంతకుముందు ఒక్క నడకలో హ్యూమ్స్ అనే జాతి వార్బ్లర్లు పాతిక, ముప్ఫై రాసిన పుస్తకంలో పదిహేను, పది, ఆరు పడ్డాయి. 2023లో నాలుగు. ఆ ఏడు గ్రూపులో ఆమె ఒక పొడుగాటి సందేశం పెట్టింది. పిట్టలు తగ్గిపోతున్నాయి, పట్టించుకోకపోతే మన కళ్ళముందే పోతాయి అని. ఒకరు పొగ అన్నారు, ఒకరు కుక్కలన్నారు, ఇంకొకరు ఎండలన్నారు. నలభైమంది సంతకాలతో అధికారులకు ఒక వినతిపత్రం వెళ్ళింది. అందులో ఉన్న అంకెలన్నీ ఆమెవే.

ఆ అంకెల కోసమే 2024 ఆగస్టులో శరణ్య ఆమె దగ్గరికి వచ్చింది. వరంగల్ అమ్మాయి. మునిర్కాలో గది తీసుకుని, దగ్గర్లోని యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. థీసిస్‌లో ఒక అధ్యాయం వలస వార్బ్లర్ల మీద. పదిహేనేళ్ళపాటు ఒకే మనిషి, ఒకే దారిలో, ఒకే వేళకు లెక్కపెట్టిన రికార్డు దొరకడం అరుదు. కాని పుస్తకాలన్నీ షార్ట్‌హ్యాండులో ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు అన్నపూర్ణేశ్వరి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చదివేది, శరణ్య లాప్‌టాప్‌లో కొట్టుకునేది. సుందరరామయ్య టీ పెట్టి ఇచ్చేవాడు. నెలా పదిహేను రోజులకు పని అయింది. గ్రాఫు గీస్తే పదేళ్ళు సమంగా నడిచిన గీత 2020 నుంచి కిందికి దిగింది. శరణ్య గైడు చాలా సంతోషించాడు.

అక్టోబరు రెండో శనివారం శరణ్య కూడా నడకకు వచ్చింది. అప్పటికి ఆర్నెల్లుగా రికార్డింగులు వింటూ అరుపులు నేర్చుకుంటోంది. లోపలికి వెళ్ళిన పది నిమిషాలకు ఒక తుమ్మ కింద ఆగింది.

"ఆంటీ, పైన హ్యూమ్సే గదా?"

"ఎక్కడ?"

"మీ నెత్తి మీదనే. మల్లొకసారి అన్నది సూడుండ్రి."

అన్నపూర్ణేశ్వరి తలెత్తి నిలబడింది. చిలకలు వినిపించాయి. దూరంగా నెమలి కూసింది. పొదలో గోరింకలు పోట్లాడుకుంటున్నాయి.

"నువ్వింకా కొత్త కదమ్మా. ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది" అని ముందుకు కదిలింది.

 నడక అయ్యేసరికి అన్నపూర్ణేశ్వరి పుస్తకంలో మూడు హ్యూమ్స్ ఉన్నాయి. శరణ్య మనసులో పెట్టుకున్న లెక్క ఇరవై రెండు. తనదే తప్పనుకుంది. మర్నాడు ఒక్కతే రికార్డరు పట్టుకుని వెళ్ళి, ఆ దారి మొత్తం రికార్డు చేసి గైడుకి పంపింది. నాలుగో రోజు ఆయన జవాబిచ్చాడు. ఆ రికార్డింగులో హ్యూమ్స్ ఇరవై నాలుగు.

ఆ ఆదివారం లాప్‌టాప్ తీసుకుని ఆర్కే పురం వచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక వచ్చిన దారిలో రెండు స్టాపులు ముందే బస్సు దిగి నడిచిందట. టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, శబ్దాన్ని బొమ్మగా చూపించే ప్రోగ్రామ్‌లో ఆ రికార్డింగు పెట్టింది. తెర మీద కింద మసక మసకగా మరకలు, పైన వరసగా చిన్న చిన్న కొక్కేల్లాంటి గీతలు.

"గీ కింద ఉన్నయి చిలకలు ఆంటీ."

"ఆఁ, వినిపిస్తున్నాయి."

"పైన గీతలు?"

అన్నపూర్ణేశ్వరి తెరకేసి చూసింది. గీతలు ఒకదాని వెనక ఒకటి కదిలిపోతున్నాయి. "సౌండు పెంచు" అంది.

"ఫుల్‌లనే ఉంది ఆంటీ."

వంటింట్లోంచి సుందరరామయ్య కేకేశాడు. "ఏంటమ్మా ఆ కిచకిచలు? కొంచెం తగ్గించు."

 శరణ్య కళ్ళు దించుకుంది. అన్నపూర్ణేశ్వరి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"అయితే పిట్టలు ఉన్నాయన్నమాట" అంది.

"ఉన్నయి ఆంటీ. బాగ ఉన్నయి."

చెవుల డాక్టరు ఆమెను గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. కాగితం మీద గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి నిటారుగా పడిపోయింది. మనుషుల మాటలు కింది స్థాయివి కాబట్టి బాగానే వినిపిస్తాయి, సన్నటి పైస్థాయి శబ్దాలే పోయాయి, వయసుతో వచ్చేదే అన్నాడు. "బాత్ కర్‌నే మే దిక్కత్ నహీ హై నా? ఫిర్ ఠీక్ హై" అని, మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేకపోతే చాలన్నట్టు ధైర్యం చెప్పాడు. ఎప్పటినుంచి అని అడిగితే నాలుగేళ్ళో అయిదేళ్ళో, కచ్చితంగా చెప్పలేనన్నాడు. ఆఫీసులో రోజంతా డిక్టేషన్ తీసుకునే మనిషికి అనుమానం రాకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఆ వారం థర్మామీటరు కూత వినిపించడం లేదని బాటరీ మార్పించిన సంగతి గుర్తొచ్చి, చెప్పలేదేమని భర్తమీద కోప్పడింది. ఆయన మాత్రం ఏం చెబుతాడు. గ్రూపులో రాయాలనుకుంటున్నానని ఆమె అన్నప్పుడు అడ్డుపడ్డాడు.

"ఇప్పుడు ఎవరడిగారని? వయసైపోయిందని ఈ ఏడుతో మానేస్తే సరిపోతుంది కదా."

"తగ్గాయని నలుగురికీ చెప్పింది నేనే కదండీ. తగ్గలేదని ఇంకెవరు చెబుతారు?"

అక్టోబరు ఆఖరి సోమవారం ఉదయం ఆమె సందేశం పెట్టింది. 2020 నుంచి తన వార్బ్లర్ల లెక్కలు నమ్మవద్దని, తగ్గింది పిట్టలు కాదని, తన వినికిడి అని. పరీక్ష కాగితం ఫోటో కూడా జత చేసింది.  తర్వాత ఓదార్పులు వచ్చాయి, చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ఒకాయన మాత్రం నిష్ఠూరంగా రాశాడు. మీ అంకెల మీద మేమంతా సంతకాలు పెట్టాం, ఇప్పుడు మా మాట ఎవరు వింటారు అని. ఆమె ఆయనతో వాదించలేదు. ఆఫీసు ఫక్కీలో, పాత వినతిపత్రం తేదీ ఉటంకించి, సవరణ లేఖ తనే టైపు చేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. దానికి జవాబు రాలేదు. అసలు వినతిపత్రానికీ రాలేదు.

శరణ్య గైడు ఆ అధ్యాయం తీసెయ్యమన్నాడు. ఆ అమ్మాయి మునిర్కా గదిలో రెండు రోజులు తలుపేసుకుని పడుకుంది. మూడో రోజు ఫోన్ చేసింది.

"ఆంటీ, అన్నీ చెవితోటే లెక్కపెట్టిన్రా? కంటితోటి సూసినయి ఏమన్న ఉన్నయా?"

"ఎందుకు లేవు? కంటితో చూసినవాటికి కింద గీత పెడతాను. నువ్వు అడగలేదుగా."

మళ్ళీ ఆదివారాలు కూర్చున్నారు. ఈసారి గీత ఉన్నవే చదివింది. 2011లో నడకకు మూడు, 2016లో రెండు, 2019లో నాలుగు, 2024లో మూడు. పదిహేనేళ్ళూ అంతే. సంజయ్ వన్‌లో వార్బ్లర్లు తగ్గినట్టు ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. శరణ్య అధ్యాయం నిలబడింది. ఏళ్ళ తరబడి లెక్కపెట్టే మనుషుల చెవుల గురించి అందులో ఒక భాగం కొత్తగా చేరింది. దాన్ని చూసి గ్రూపులో యాభై దాటినవాళ్ళు ముగ్గురు పరీక్ష చేయించుకున్నారు. ఒకాయనకు అదే తేలింది. ఆయన గ్రూపులోంచి చెప్పకుండా వెళ్ళిపోయాడు.

అన్నపూర్ణేశ్వరి వినికిడి యంత్రం పెట్టుకుని చూసింది. దానితో వార్బ్లర్ అరుపు వినిపించింది కాని ఎవరో పక్కన కొత్త గుడ్డ చింపుతున్నట్టు ఉంది. పదిహేనేళ్ళుగా తను రాసుకున్న శబ్దం అది కాదు. రోడ్డు మీద ఆటోల రొదకు తలనొప్పి వచ్చింది. నెల రోజులు పెట్టుకుని తీసేసింది.

2025 శరదృతువులో సంజయ్ వన్ లెక్క శరణ్యకి అప్పగించింది. తను శనివారాలు నజఫ్‌గఢ్ సరస్సుకి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ బాతులు దిగుతాయి. నీళ్ళమీద కదలకుండా కూర్చుంటాయి కాబట్టి చూసి లెక్కపెట్టవచ్చు. గట్టుమీద స్టాండుకి బిగించిన పెద్ద దూరదర్శినితో దగ్గర్లోని ద్వారక కాలనీ నుంచి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉంటాడు, కిరీటి అని. విజయవాడ వాడు. నవంబరు మొదటి శనివారం ఆమె అందులోంచి చాలాసేపు చూసి, "మల్లార్డ్ ఆడబాతులు, పద్నాలుగు" అని రాసుకుంది.

కిరీటి వంగి చూశాడు. "అవి గాడ్వాల్ బాతులండీ ఆంటీ. రెక్క మీద తెల్ల మచ్చ ఉంది చూడండి."

"ఏదీ?"

"ఎడంపక్క రెండోది. ఇప్పుడు రెక్క సర్దుకుంటోంది."

ఆమె మళ్ళీ చూసింది. మచ్చ కనిపించడానికి కొంచెం సేపు పట్టింది. కనిపించాక మల్లార్డ్ కొట్టేసి, గాడ్వాల్ అని రాసి, కింద గీత పెట్టి, అవతలి గుంపు వైపు తిప్పమంది.