తెంపని దారం

టైలర్ షాపు ముందు మిషన్ నూనె వాసన తగిలితే, మా ఊరు పెద్దమందడిలో అమ్మ బొంత కుట్టిన మధ్యాహ్నం గుర్తొస్తుంది. పాత చీరల ముక్కలను రెండేసి జతచేసి, మధ్యలో దారం తెంపకుండా వరసగా సూది కిందికి తోసేది. అవి మిషన్ వెనక నుంచి తోరణంలా వచ్చి నా ఒళ్లో పడుతుంటే నోరు తెరిచి చూశాను.

"దారం తెంపవా అమ్మా?"

"జతజతకు తెంపుకుంట కూసుంటే పొద్దుగూకుతది బిడ్డా. రేపు పొద్దుగాల్నే లారీ వస్తది."

నన్ను అవ్వ దగ్గర ఉంచి, ఆ లారీలో అమ్మానాన్నలు పుణెకు పనికి పోవాలి. అక్కడి చలికే ఈ బొంత అనుకుని, ఉత్సాహంగా ముక్కలు అందించాను.

తెల్లారి అవ్వ పక్కన లేచేసరికి లారీ వెళ్లిపోయింది. బొంత నా మీదే ఉంది. అంత తొందరలో కుట్టినా, ఈనాటికీ ఒక్క కుట్టు ఊడలేదు.