ఆంటీ పట్టి ఉంచిన చోటు

మంగళవారం పొద్దున, అందరం ఫోన్‌లో కలిసి ప్రార్థన చేసుకునే మా చర్చి ప్రేయర్ లైన్ తెరుచుకోలేదు. ఆఫీసులకు బయల్దేరబోతూ కాల్ చేసినవాళ్ళందరికీ లైన్ తెరిచేదాకా మోగే ఆ పిచ్చి సంగీతమే వినిపించింది. లైన్ తెరిచే కోడ్ ఆంటీ దగ్గరే ఉండేది. అందరికంటే ముందు లైన్‌లోకి వచ్చి, ఎవరైనా చేరగానే మోగే ఒక్కో బీప్‌కీ "ఎవరమ్మా వచ్చింది?" అని అడిగేవారు. కాసేపటికి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఆంటీకి నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఆంటీ మాకు చుట్టం కాదు. నరసాపురం నుంచి ఈ దేశంలో మేముండే పార్సిప్పనీకి వచ్చి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవారు. పగలంతా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం, తెల్లవారితే మాలో పట్టడం. అయితే ఎవరినీ ముఖం మీద అనేవారు కాదు, ప్రార్థనలో చెప్పేవారు. "ప్రభువా, పిల్లల ముందు భార్య మీద అరిచే సోదరుల్ని క్షమించు" అనగానే లైన్‌లో ఒకాయన గొంతు సవరించుకునేవారు. ఆవిడ ప్రార్థనల్లో సగం దేవుడికి, సగం మాకు. చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండేది. నేనొక అబద్ధం ఆడితే దేవుడితో పాటు చర్చి అంతటికీ తెలిసిపోయేది.

పదేళ్ళ వయసులో ఈ దేశం వచ్చిన నేను ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే, పక్కన కూర్చోబెట్టుకుని బైబిల్ చదివించిన ఆవిడ చలవే. కాలేజీలో ఉండగా ఒక సెమిస్టర్ ఫ్రాన్స్‌లోని లియోన్‌కి ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా వెళ్తుంటే, జిప్ కవర్ ఉన్న తెలుగు బైబిల్ నా చేతిలో పెట్టారు. "పాస్‌పోర్ట్ ఇందులో పెట్టుకో తల్లీ. ఏ దొంగా బైబిల్ ముట్టుకోడు." మేమంతా నాన్న వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళం. పాస్‌పోర్ట్‌లో ఉన్న ఆ వీసా స్టాంపు పోతే నేను తిరిగి ఇల్లు చేరడం ఎప్పటికో అని అమ్మ ఎయిర్‌పోర్ట్ దాకా ఏడుస్తూనే ఉంది.

లియోన్‌లో నేను తిరగని సందు లేదు. అక్కడ పాత ఇళ్ళ లోపల్నుంచే దారులుంటాయి. బయటికి మామూలు ఇంటి తలుపే. తోస్తే చీకటి నడవా, రాతి మెట్లు, ఎవరిదో బట్టలారేసిన పెరడు, మరో తలుపు, ఇంకో వీధి. పూర్వం పట్టు నేసేవాళ్ళు బట్ట తడవకుండా మోసుకెళ్ళే దారులట. ఎవరైనా తిడతారేమోనని భయపడుతూనే ప్రతి తలుపూ తోసేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ఫ్లైట్ అనగా, బ్యాంక్ అకౌంట్ క్లోజ్ చేయాలని పాస్‌పోర్ట్ ఉన్న బైబిల్ బ్యాగ్‌లో వేసుకుని బయల్దేరాను. ఆ పని కాగానే ఫ్రెండ్స్‌తో అన్నీ చివరిసారి చూస్తూ, నది దాటి కొండ మీది నేతగాళ్ళ పేటకి ఎక్కాను. అక్కడ ఒక నడవాలో నీళ్ళ బాటిల్ కోసం బ్యాగ్ తెరిస్తే బైబిల్ లేదు.

ఎక్కడ పెట్టానో ఎంత ఆలోచించినా బుర్ర పనిచేయలేదు. అమ్మకి చెప్పే ధైర్యం లేదు. లియోన్‌లో మధ్యాహ్నమంటే పార్సిప్పనీలో తెల్లవారే వేళ; ప్రేయర్ టైమ్ కాబోతోంది, లైన్‌లో ఇంకా ఆంటీ ఒక్కరే ఉంటారు. కాల్ చేశాను.

"ఎవరమ్మా వచ్చింది?"

"నేను ఆంటీ. బైబిల్ పోయింది. పాస్‌పోర్ట్ అందులోనే ఉంది. అమ్మకి చెప్పొద్దు ప్లీజ్."

"ఏడవకు. పొద్దున్నుంచి ఎక్కడెక్కడికి వెళ్ళావు?"

"బ్యాంక్, కాఫీ షాప్, నది పక్కన పెద్ద చర్చి, తర్వాత ఈ కొండ..."

బీప్ మోగింది. "ఎవరమ్మా?" అన్నారు ఆంటీ.

"నేనే అక్కా," అంది మా అమ్మ.

గబుక్కున మ్యూట్ నొక్కాను. వరసగా బీప్‌లు. ఆంటీ నా ఊసే ఎత్తలేదు. అయిపోయింది, ఇక నాకు దిక్కు లేదనుకున్నాను. అంతలో ప్రార్థన మొదలుపెట్టారు.

"తండ్రీ, మా అలవాట్లు నీకు తెలియనివి కావు. చర్చిలో కుర్చీ మీద బైబిల్ పెట్టి చోటు పట్టుకుంటాం. లేచి వెళ్ళి కబుర్లలో పడి మర్చిపోతాం. ఆ కుర్చీ దగ్గరికి మళ్ళీ నడిపించు తండ్రీ. త్వరగా నడిపించు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పెద్ద చర్చిలో రంగుటద్దాల కిటికీలు దగ్గర్నుంచి చూద్దామని లేస్తూ, ఇక్కడ మా చర్చిలో చేసినట్టే బైబిల్ కుర్చీ మీద పెట్టాను. ఫ్రెండ్స్ నన్ను పక్క తలుపులోంచి లాక్కుపోయారు. మెట్లు దిగి, నడవాలు దాటి, వంతెన మీద పడి పరుగెత్తాను. చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది. ఆంటీ ఏనాడూ చేయనంత పొడుగ్గా ప్రార్థన చేస్తూనే ఉన్నారు. రోగుల్ని, ప్రయాణికుల్ని, ప్రెసిడెంట్‌ని, ఎవరినీ వదల్లేదు. చర్చి గుమ్మంలో ఒకాయన మధ్యాహ్నానికి తలుపులు మూయబోతూ తాళంచెవులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దణ్ణం పెట్టి పక్కనుంచి లోపలికి దూరాను.

గడ్డి అల్లిన కుర్చీల వరసలో నా బైబిల్ పెట్టింది పెట్టినట్టే ఉంది. జిప్ తీసి చూసుకున్నాను. మ్యూట్ తీసి, రొప్పుతూ, "ఆమెన్" అన్నాను.

"ఆమెన్," అని ఆంటీ అక్కడితో ముగించేశారు.

అంతసేపు ఎందుకు చేశారని తర్వాత అడిగితే, "భయపడ్డ మనిషితో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలమ్మా" అన్నారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ప్రార్థనలో కూడా.

శనివారం ఆవిడ మెమోరియల్ సర్వీస్‌కి డ్రైవ్ చేస్తుంటే అమ్మ అంది, "ఆ రోజు ఆమెన్ అన్నది నువ్వేనని నాకు తెలుసే. అక్కనీ అడగలేదు, నిన్నూ అడగలేదు. అడిగి ఉంటే, ఇంకోసారి ఏదైనా అయితే ఆవిడకి కూడా చెప్పుకోవు కదా." నాకు రోడ్డు కనిపించలేదు. పక్కకి తీసి కారు ఆపాను.

హాలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. రెండో వరసలో చివరి కుర్చీ ఆంటీది. నా బైబిల్ దాని మీద పెట్టి, అమ్మ పక్కన కూర్చున్నాను. ఆలస్యంగా వచ్చిన ఒకాయన వంగి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగారు.

"ఉన్నారండి," అంది అమ్మ.

ఆయన వెళ్ళి గోడ పక్కన నిలబడ్డారు.