వదిన కారు తాగిన ఆయిల్

మొన్న ఆఫీసు పని మీద వెళ్లి వస్తూ ఖాజాగూడ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుపోయాను. మా క్యాబ్ ముందు ఒక పొడవాటి ఎర్ర కారు ఉంది. అది వాలులో మెల్లగా జారి, కింద మళ్లీ వేగమందుకోబోతూ వెనక గొట్టంలోంచి భుస్సుమని నీలంపొగ కక్కింది. పక్కన స్కూటర్ మీదున్నాయన ముక్కు మూసుకున్నాడు. మా డ్రైవరు, "ఇంజన్ ఖతం సార్, బోరుకొచ్చింది" అని తీర్పు చెప్పేశాడు. నాకు చర్రున కోపం వచ్చింది. పాపం, ఆ కుర్రాడి తప్పేం లేదు. సరిగ్గా ఇదే మాట ఒకాయన మా వదినతో అనగా విన్నాను. కాదు, వదినతో అనలేదు. వదిన పక్కనే ఉండగా నాతో అన్నాడు. నా బాధంతా అదే.

మా వదిన మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. ఆ క్లాసులో ఆడపిల్ల తనొక్కతే. చదువైపోయాక ఒక ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకి వెళితే, మార్కులు చూసి మెచ్చుకుని, "మిషన్ల దగ్గర ఆడవాళ్లకి బాత్రూం లేదమ్మా" అని పంపించేశారట. ట్రాక్టర్లు తయారుచేసే మొనగాళ్లకి నాలుగు గోడలు లేపడం చేతకాలేదన్నమాట! వదిన ఇక్కడికొచ్చి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరింది. ఎవరెవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుంటూ సగం జీవితం గడిపింది. పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక, తన సంపాదనతో ఒక పాత విదేశీ కారు కొనుక్కుంది. అన్నయ్య "దీని బదులు ఫ్లాటు కొంటే అద్దె వచ్చేది కదే" అని గొణిగాడు. మదీనాగూడలో వాళ్లదీ మాదీ ఒకే అపార్ట్‌మెంటు. ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లో ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజన్ మేలుకుంటే, పైన మా వంటింట్లో స్టీలు గ్లాసులు గణగణలాడేవి. మా ఆవిడ "మీ వదినగారు లేచారు" అని కాఫీ డికాక్షన్ పెట్టేది.

ఆ ఇంజన్‌కి ఇంకాస్త బలం తెప్పిద్దామని వదిన దాన్ని గోపన్‌పల్లిలో ఒక గ్యారేజీకి ఇచ్చింది. అక్కడన్నీ రేసు కార్లే. గోడల మీద కప్పులు, ఫొటోలు. ఓనరు చేతికి నల్ల గ్లవ్స్, చెవిలో ఇయర్‌ఫోను. అతను ఇంజన్ పైనుండే హెడ్లు రెండూ విప్పించి, అడుగుభాగం పల్చగా చెక్కించి మళ్లీ బిగించాడు. కారు చిరుతలా వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే ఆయిల్ తాగడం మొదలెట్టింది. ఫ్లైఓవర్ దిగితే చాలు, వెనక నీలంపొగ.

తోడుగా నన్ను రమ్మంది వదిన. నాకు సైకిల్ చైను ఊడితే వేసుకోవడం రాదు. అయినా ఆ ఓనరు ప్రతిమాటా నాతోనే. "అన్నా, మేడంకు జర సమ్జాయించుండ్రి. ఇంజన్ ఖతమైంది, లోపల పిస్టన్ రింగులు పోయినయి. ఆడోళ్లు గేర్లు సక్కగ మార్వరు, గిట్లనే అయితది. మొత్తం విప్పి సిలిండర్లు కోసి బోర్ కొట్టాల్నే."

"కారు నాదండీ. నాతో చెప్పండి," అంది వదిన.

"చెప్తున్న కద మేడం," అని మళ్లీ నావైపే తిరిగాడు.

రింగులు పోతే సిలిండర్లలో ఒత్తిడి పడిపోవాలి కదా, కొలిస్తే అన్నీ బాగానే ఉన్నాయి కదా అని వదిన అడిగింది. గాలి ఎక్కడో లీకవుతోందేమో, ఆయిల్ అటునుంచి వస్తోందేమో అంది. అతను నవ్వి, సిలిండర్లకి గాలిని పంచే మానిఫోల్డ్ చుట్టూ ఏదో స్ప్రే కొట్టాడు. ఇంజన్ చప్పుడు మారలేదు. "చూసిన్రా అన్నా? లీకుంటే చప్పుడు మారుతది. ఫికర్ చేయకుండ్రి, మేం చూసుకుంటం," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే అతను వదినకి కాదు, అన్నయ్యకి ఫోన్ చేశాడు. ఇంజన్ బయటికి దింపి సిలిండర్లు కోస్తాం, సరేనా అని అడిగాడు. మా అన్నయ్య, కారు కాగితాల మీద పేరే లేని మా అన్నయ్య, "మీకు తెలుసు కదండీ, కానివ్వండి" అన్నాడు! సాయంత్రం టీ తాగుతూ ఆ సంగతి మామూలుగా చెప్పాడు. వదిన కప్పు కింద పెట్టింది. ఒకసారి కోసిన ఇంజన్ మళ్లీ మునుపటిది కాదు. ఆమె అరవలేదు, ఏడవలేదు. "మరిదిగారూ, పదండి" అంది. ఇద్దరం ఆటో ఎక్కాం.

వెళ్లేసరికి ఇంజన్ మీదకి గొలుసు దించుతున్నారు. "ఆపండి" అంది వదిన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పనివాళ్లు ఆపేశారు. అక్కడ ఇంకో ఇద్దరు ముగ్గురు కార్లవాళ్లు కూడా ఉన్నారు. వదిన ఇంజన్‌లో ఆయిల్ ఉండే భాగానికి గాలి వెళ్లొచ్చే చిన్న గొట్టాలన్నీ మూయించింది. స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద కూరగాయల పాలిథిన్ కవరు పరిచి చుట్టూ వేళ్లతో అదిమింది.

"రింగులే పోతే లోపలి గాలి ఈ కవరుని పైకి ఉబ్బించాలండీ. అంతేనా?"

ఓనరు తలూపాడు. ఊపక తప్పలేదు. కవరు చప్‌మని లోపలికి అతుక్కుపోయింది, ఎవరో నోటితో పీల్చినట్టు.

"ఆ పీల్చేది మానిఫోల్డ్. అది రెండు వరసల సిలిండర్ల మధ్య కూర్చుంటుంది, దాని కింద ఆయిల్ చిమ్ముతుంటుంది. లీకు అడుగున ఉంటే మీరు పైన స్ప్రే కొట్టి ఏం లాభం?"

విప్పి చూశారు. మానిఫోల్డ్ అతుకులో లీకవకుండా వేసే గ్యాస్కెట్ పట్టీ పైఅంచున బిగిసిన అచ్చు స్పష్టంగా పడింది. కింది అంచున అచ్చే లేదు, ఆయిల్‌తో నల్లగా తడిసి ఉంది. హెడ్లు చెక్కినవాళ్లు, వాటి మధ్య కూర్చోవాల్సిన మానిఫోల్డ్‌ని ఆ మేరకు చెక్కలేదు. తలుపు చెక్కాక గడియ కుదరనట్టు, అది సరిగా కూర్చోలేదు. అంటే తప్పు ముమ్మాటికీ ఆ గ్యారేజీదే. గేర్లదీ కాదు, ఆడవాళ్లదీ కాదు. ఓనరేమన్నాడో తెలుసా? "గ్యాస్కెట్ మాల్ ఖరాబ్ వచ్చిందన్నా." అప్పుడు కూడా నాతోనే!

వదిన మానిఫోల్డ్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని బాలానగర్‌లో మిషన్ షాపుకి తీసుకెళ్లింది. దగ్గరుండి కొలతకి చెక్కించి, దగ్గరుండి బిగింపించింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నన్ను పక్కన కూచోబెట్టుకుని తోలింది. నేను ప్రాణాలు అరచేత పెట్టుకుని అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాను. పొగ లేదు. ఇంటికొచ్చాక అన్నయ్య "అయితే బాగైందన్నమాట" అన్నాడు. "నన్నడక్కుండా ఇంకెప్పుడూ సరే అనకండి" అంది వదిన. అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత ఆ ఓనరు ఒక వీడియో పెట్టాడు. పాలిథిన్ కవరు పరీక్ష! "ఫ్రెండ్స్, ఇది మా ఎన్నో ఏళ్ల ఎక్స్‌పీరియన్స్‌తోని కనిపెట్టినం" అని మొదలెట్టాడు. అందులో వదిన ఊసే లేదు. పైగా గొట్టాలు మూయడం మర్చిపోయాడు. నేను ఊగిపోతుంటే వదిన ఫోన్ తీసి, గొట్టాలు మూయకపోతే ఈ పరీక్ష తప్పుడు జవాబిస్తుందని కింద వివరంగా రాసింది. కాసేపటికి అతని జవాబొచ్చింది: "థ్యాంక్యూ బ్రో."

వదిన కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. వయసుతోపాటు నాకు చూపు తగ్గింది, ఆకలి తగ్గింది, మెట్లెక్కే ఓపికా తగ్గింది. కాలం ఇన్ని పట్టుకుపోయింది కానీ ఈ కోపాన్ని మాత్రం ముట్టుకోలేదు, అందుకు ఆ కాలానికి నా నమస్కారం.